అవతలి వరస సీట్లు

మెరుపు కనపడితే అరగంట ఆగాలిట. ఆ అరగంట పూర్తయ్యేలోపు ఇంకోటి మెరిస్తే మళ్ళీ మొదట్నించి అరగంటట. ఇప్పటికి మూడుసార్లు మెరిసింది, మూడుసార్లూ మైకులో ఆ కుర్రాడు అదే పాఠం అప్పజెప్పాడు, దయచేసి అందరూ స్టేడియం మెట్ల కిందకి వచ్చెయ్యండి, మీ క్షేమమే మాకు ముఖ్యం అని. వచ్చాం నాయనా, వచ్చి ఈ సిమెంటు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాం, నేనూ రీథా వదినా, వదిన చేతిలో ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు, నా చేతిలో మొగుడు. మొగుడంటే నిజం మొగుడు కాదు, పద్దెనిమిదేళ్ళ కిందట మొగుడి శవపేటిక మీద కప్పి, ముక్కోణంగా మడిచి, నా ఒళ్ళో పెట్టిన జెండా. కానీ మా ఇంట్లో ఆ మూట పేరు ఆర్లెనే. ఆర్లెన్ మీద దుమ్ము పడింది తుడవ్వే, ఆర్లెన్‌ని కిటికీలో పెట్టకు రంగు వెలుస్తుంది, ఆర్లెన్ పక్కన నా కళ్ళజోడు ఉందేమో చూడు. బతికున్నప్పుడు ఇన్నిసార్లు పేరుపెట్టి పిలిచానో లేదో, అప్పుడంతా ఏమయ్యో, ఇదిగో, వింటున్నావా, అంతే.

ఎందుకు తెచ్చావే అని వదిన పొద్దుట్నించీ నాలుగుసార్లు అడిగింది. ఆర్లెన్‌కి సొంత అక్క గనక అడిగే హక్కుంది. లోపలున్నవి బయటికి కనపడే ప్లాస్టిక్ సంచులే తేవాలని ఇక్కడ రూలు, అందుకని ఆర్లెన్‌ని దిండు గలీబులో చుట్టి ఆ సంచిలో పెట్టాను, గేటు దగ్గర కాపలా కుర్రాడు గలీబు విప్పమన్నాడు, విప్పితే నీలంగుడ్డ మీద తెల్లచుక్కలు కనపడ్డాయి, వాడు గబుక్కున టోపీ తీసేసి, సారీ మేడమ్, వెళ్ళండి మేడమ్ అన్నాడు. వాడు ఆ మర్యాదలో ఉండగానే వదిన వానకోటు కింద సంచీడు వేరుశెనక్కాయలు దాటించేసింది. తమ్ముడు బతికుండగా ఏం ఒరగబెట్టాడో తెలీదు గానీ పోయాక ఇదొక్కటి చేశాడని నవ్వింది. ఎందుకు తెచ్చానంటే, అతను కూతురి పరుగు చూళ్ళేదు కదా. అతను పోయేనాటికి లీషాకి ఆరేళ్ళు, అప్పటికి దాని పరుగల్లా నీళ్ళతొట్టిలోంచి వీధిగుమ్మం దాకా, ఒంటి మీద నూలుపోగు లేకుండా, సబ్బు నురగతో, వెనకాల తువ్వాలు పట్టుకుని నేను. ఇప్పుడు ఈ బర్మింగ్‌హామ్‌లో, మా సొంత గడ్డ మీద, పన్నెండు దేశాల పిల్లల మధ్య అది పరిగెడుతుంటే, అతన్ని అలమారలో కూచోబెట్టి తాళం వేసి ఎలా రాను, నా ప్రాణం ఒప్పలేదు, తెచ్చాను. ఇంకో కారణం కూడా ఉందేమో, ఉంటే అది నాకింకా తెలియలేదు.

సీట్లు చూడబోతే అలా ఏడిశాయి. కూతురు దేశం తరఫున పరిగెడుతుంది, తల్లికి సీటెక్కడ వేయించిందయ్యా అంటే అవతలి వరసలో. ముగింపు గీత అటు, నీడ అటు, జెండా కొయ్యలు అటు, పతకాలిచ్చే మూడుమెట్ల దిమ్మె మొహం కూడా అటే. మనకి దక్కేది దిమ్మె వీపూ, ఎండా, వానా. పెద్ద తెర మా నెత్తి మీదే ఉంది, అదీ అటు తిరిగే ఉంది, అందులో ఏం చూపిస్తున్నారో చూడాలంటే మెడ తీసి పక్కన పెట్టుకోవాలి. పోస్టులో కవరొచ్చింది, అందులో రెండు టికెట్లు, ఉత్తరం లేదు, పసుపు చీటీ ఒకటి అంటించి ఉంది, దాని మీద లీషా కోడిగీతల్లో, అమ్మా, ఈ సీట్లే, మార్చుకోకు అని. మార్చుకుందామన్నా ఎవడు తీసుకుంటాడే వీటిని. వానకి ముందు కాసేపు కూచుని చూశాం కదా, వదిన చెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని ఆ దిమ్మెని చూసి, "పతకం వేసేటప్పుడు దాని వీపే చూడాలి కాబోలు మనం" అంది. తర్వాత ఆగి, "పోన్లే, వీపైతే ఇట్టే గుర్తుపడతాం, కిందటేడు చూసింది అదేగా" అంది. వదిన నోట్లో మాట ఆగదు. ఆ ఇంటి వాళ్ళెవరికీ ఆగదు, ఆర్లెన్‌కి తప్ప.

కిందటేడు నేను టీవీలో చూశాను. కాన్సస్‌లో పోటీ, అది గెలిచింది, నేను సోఫా ఎక్కి గంతులేశాను, యాభై ఎనిమిదేళ్ళదాన్ని, నడుం పట్టేసినా దిగలేదు. దిమ్మె ఎక్కించారు, మెళ్ళో పతకం వేశారు, జెండా పైకి వెళ్తోంది, పాట మొదలైంది, ఇది మెల్లిగా, ఏదో మర్చిపోయి వెనక్కి చూసినట్టుగా, అటు తిరిగిపోయింది. పాట అయిందాకా తిరిగే ఉంది. టీవీ నిండా వీపు. పాపిట తీసి అల్లిన నా బిడ్డ జడలు, మెడ మీద పుట్టుమచ్చ, చొక్కా వెనక దేశం పేరు. ఆ తర్వాత ఏం జరిగిందో లోకానికంతా తెలుసు. దానికి డబ్బిచ్చే బూట్ల కంపెనీ దండం పెట్టేసింది. ఎవరెవరో ఫోన్లు చేసి తిట్టారు, నా నంబరు వాళ్ళకెలా దొరికిందో ఆ దేవుడికే తెలియాలి. ఒకావిడ తన పిల్లాణ్ణి నా బస్సెక్కించడం మానేసింది, ఇరవయ్యారేళ్ళుగా స్కూలు బస్సు తోలుతున్నాను, ఒక్క పిల్లకి మోకాలు గీసుకోనివ్వలేదు, నా బస్సు ఎక్కనివ్వదట. చర్చిలో సగం మంది నన్ను కావిలించుకున్నారు, సగం మంది నా మొహం చూడకుండా వంగి బూట్ల లేసులు కట్టుకున్నారు. అవన్నీ భరించాను. వాటికి బెదిరేదాన్ని కాదు. కానీ ఆ సాయంత్రం లీషా ఫోను చేసినప్పుడు నేనన్న మాటుందే, అది ఎవరూ అనలేదు, తిట్టిన వాళ్ళు కూడా అనలేదు, కన్నతల్లిని నేనన్నాను. మీ నాన్న పెట్టె మీద కప్పిన గుడ్డకి వీపు చూపించావు, నీకు సిగ్గు లేదే అన్నాను. తర్వాత అది, అరిస్తే బావుండేది, అరవలేదు, చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పుడు వచ్చే గొంతు, ఆ గొంతుతో, "ఆ ఆదివారం కారులో నేను నిద్రపోలేదమ్మా" అంది. నేను ఫోను పెట్టేశాను. అది కాదు, నేనే పెట్టేశాను. అప్పట్నించీ పదకొండు నెలలు ఫోన్లు నడుస్తూనే ఉన్నాయి, తిన్నావా, తిన్నాను, మడమ నొప్పి ఎలా ఉంది, పర్లేదు, అత్తకి షుగరు తగ్గిందా, ఎక్కడ తగ్గుతుంది, కోక్ తాగుతుంటే. ఆ ఒక్క మాట దగ్గరికొచ్చేసరికి ఇద్దరం గుంత తప్పించుకున్నట్టు పక్కకి జరిగి నడుస్తున్నాం.

నిద్రపోయిందనుకున్నాను. దేవుడి తోడు, నిద్రపోయిందనే అనుకున్నాను. చర్చి నించి వస్తున్నాం, ఇరాక్ వెళ్ళే వాళ్ళ కోసం ఆ పూట ప్రార్థన పెట్టారు, అందుకని ఆర్లెన్ యూనిఫాంలో ఉన్నాడు, ప్యాంటు నేనే ఇస్త్రీ చేశాను, మడతకి చెయ్యి తెగేట్టుగా. వెనక సీట్లో అయిదేళ్ళ లీషా, పడుకుని, నోరు తెరుచుకుని. వెనక లైటు ఒకటి వెలగట్లేదని పోలీసు ఆపాడు. లైటు సంగతి చెప్పి పంపేస్తాడనుకున్నాం. దిగమన్నాడు, ఆర్లెన్ దిగాడు, మోకాళ్ళ మీద కూచోమన్నాడు, కూచున్నాడు, చేతులు తల వెనక్కి పెట్టమన్నాడు, పెట్టాడు. దేశం తొడిగిన బట్టల్లో ఉన్నాడయ్యా ఆ మనిషి. పక్కనించి కార్లు పోతున్నాయి, చర్చి వాళ్ళ కార్లు కూడా పోయాయి. నేను రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద, వేళ్ళు విప్పి, కనపడేట్టుగా పెట్టుకుని కూచున్నాను, అలా కూచోవాలని ఆర్లెనే నేర్పాడు నాకు పెళ్ళయిన కొత్తలో, మన నల్లవాళ్ళందరూ పెళ్ళాలకి నేర్పినట్టే. ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ నేను ఒక్కటే అనుకుంటున్నాను, పిల్ల నిద్రపోతోంది, అదే పదివేలు, పిల్ల చూళ్ళేదు, అదే పదివేలు. తిరిగొచ్చి కూచున్నాడు. మోకాళ్ళ మీద ఎర్రమట్టి. అటు చూసి, "వెనిగరుతో ఉతికితే పోతుందా ఇది?" అన్నాడు, బండి తోలాడు. ఆ ఎర్రమట్టి పోలేదు. మూడుసార్లు ఉతికాను, ఇంకో జత వేసుకు వెళ్ళాడు. ఆ ప్యాంటు ఇప్పటికీ నా పెట్టెలో ఉంది, లీషాకి చూపించలేదు, చూపించాల్సిన పని కూడా లేదని ఇప్పుడు తెలిసింది. పందొమ్మిదేళ్ళు అది ఆ సంగతి ఒక్కతే మోసింది. అమ్మకి తెలిస్తే బాధపడుతుందని మోసింది, నేనేమో దానికి తెలియదని మోశాను, ఒకే ఇంట్లో ఒకే బరువుని ఇద్దరం చెరో గదిలో దాచుకున్నాం. తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది.

"ఏమే, ఆర్లెన్ కారుతున్నాడు" అంది వదిన. చూస్తే నిజమే, సంచి జిప్పు ఊడి ఉంది, మెట్లు దిగేటప్పుడు నీళ్ళు దూరినట్టున్నాయి, గలీబు ముద్దగా తడిసింది. అయ్యో అయ్యో అంటూ విప్పాను. తడిగుడ్డ మడత మీదే ఉంచితే రెండ్రోజుల్లో బూజు పడుతుంది, ఆ మాత్రం తెలుసు, కానీ ఇదేమన్నా జేబురుమాలా, శవపేటిక మీద కప్పేది, మంచం దుప్పటి కన్నా పొడుగు, విప్పితే ఇద్దరు పట్టాలి, నేలకి తగలకూడదు, ఇక్కడ నేలంతా బురద కాళ్ళు. విప్పుతుంటే నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంతకుముందు ఒక్కసారే విప్పాం దీన్ని, విప్పింది నేను కాదు లీషా, దానికి ఏడేళ్ళు, నేను పనినించి వచ్చేసరికి హాలు పొడుగునా జెండా పరిచి ఉంది, మధ్యలో ఉబ్బెత్తుగా అది. ఏం చేస్తున్నావే అంటే, లోపల నాన్న ఉన్నాడేమోనని చూశానమ్మా, లేడు అంది. తిట్టాలనుకున్నాను. తిట్టలేక బూట్లు విప్పేసి నేను కూడా దూరాను దాని కిందకి, తల్లీ పిల్లా ఎర్రటి వెలుతురులో అలాగే పడుకున్నాం, అన్నం సంగతి కూడా మర్చిపోయి. తర్వాత మడతపెట్టడం మొదలుపెట్టాం, సైనికులు మడిస్తే ఒక్క నీలమే కనపడుతుంది, మేము మడిస్తే ఎటువైపు నించో ఎరుపు బయటికొస్తుంది. ఇరవైసార్లు మడిచి ఉంటాం. చివరికి వేలెడు ఎరుపు మిగిలిపోయింది. లీషా దాన్ని చూసి, "నాన్న నాలిక బయటపెట్టాడమ్మా" అంది. అతను పోయాక నేను మొదటిసారి నవ్వింది అప్పుడే. పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ నాలిక పదిహేడేళ్ళు అలాగే ఉంది, చూడ్డానికొచ్చిన వాళ్ళు చెప్పబోయేవాళ్ళు, మడత తప్పిందమ్మా అని, తెలుసులెండి అనేదాన్ని.

వదిన ఒక కొసా నేను ఒక కొసా పట్టుకుని, పిండాలా వద్దా, జెండాని పిండొచ్చా అని వాదులాడుకుంటుంటే మధ్యభాగం జారింది. జారి నేలకి తగిలేలోపు ఎవరో పట్టుకున్నారు. తెల్లాయన, డెబ్బై దాటి ఉంటాడు, మాజీ సైనికుల టోపీ. "నేలకి తగలనివ్వకండి మేడమ్" అని, అడక్కుండానే చారల వైపు కొస వదిన చేతిలోంచి తీసుకుని, దులిపాడు, లాగి పట్టాడు, పని తెలిసిన చేతులు. "ముందు పొడుగ్గా సగానికి" అన్నాడు. మడిచాం. "మళ్ళీ సగానికి." మడిచాం. మంచివాడే అనుకున్నాను. అంతలో ఆయన, జెండా మీంచి చూపు ఎత్తకుండానే, "ఇలా గుండెకి హత్తుకునే వాళ్ళూ ఉన్నారు. ఆ వీపు చూపించే పిల్ల కూడా ఇవాళ పరిగెడుతోందట, నాకు చేతనైతే దిమ్మె ఎక్కనివ్వను" అన్నాడు. వదిన నోట్లో వేరుశెనక్కాయ ఆగిపోయింది. నేను, బస్సులో అల్లరి చేసే వాళ్ళతో మాట్లాడే గొంతు నాకొకటి ఉంది, పెద్దది కాదు, చిన్నదే, కానీ ఎనభై మంది పిల్లలూ నోరు మూస్తారు, ఆ గొంతుతో, "అది నా కూతురండీ" అన్నాను. "ఇది దాని నాన్న."

ఆయన మొహం కందగడ్డయింది. వెళ్ళిపోదామని ఒక కాలు వెనక్కి వేశాడు కూడా, కానీ చేతిలో కొస ఉంది, కింద బురద ఉంది. వదిన తీరిగ్గా తొక్క ఉమ్మేసి, "పట్టుకుంటారా, వదిలేస్తారా?" అని అడిగింది. "వదిలేస్తే నేలకి తగులుతుంది" అన్నాడాయన, చాలా కోపంగా. వదల్లేదు. నేనూ వదల్లేదు. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూడకుండా, మధ్యలో ఆర్లెన్‌ని పట్టుకుని, అలా నిలబడ్డాం కాసేపు. చివరికి ఆయనే కొసని మూలగా తిప్పాడు, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ నా వైపు మడుచుకుంటూ వచ్చాడు. సగానికొచ్చాక, "ఏం పని చేసేవాడు అక్కడ?" అన్నాడు. నీళ్ళ లారీ తోలేవాడని చెప్పాను. "నీళ్ళ లారీ వాళ్ళ కోసం మేం రోడ్డుకేసి చూస్తూ కూచునేవాళ్ళం" అన్నాడు. ఏ యుద్ధంలోనో చెప్పలేదు, నేనూ అడగలేదు. క్షమించమనలేదు, నేను క్షమించాననీ అనలేదు. మా మావయ్యల్లో ఇలాంటి వాళ్ళు లేకపోలేదు, రంగే తేడా. ఇంకా రెండు మడతలున్నాయనగా మైకు మోగింది, మెరుపులు ఆగిపోయాయి, అందరూ సీట్లకి వెళ్ళొచ్చు అని, జనం ఒక్కసారిగా మెట్లమీదికి తోసుకొచ్చారు, ఆయన గబగబా కొస లోపలికి దోపి నా చేతిలో పెట్టాడు. చూసుకుని, "ఎరుపు కనపడుతోంది, మళ్ళీ మొదట్నించి మడవాలి" అన్నాడు. "కనపడనివ్వండి, మా ఇంట్లో అలవాటే" అని నేను మెట్లెక్కేశాను.

సీటు తడి, గాలి చల్లన, సూర్యుడు మళ్ళీ మా మొహం మీదే. అమ్మాయిల నాలుగొందల మీటర్ల హర్డిల్స్ అన్నారు. వదిన కళ్ళు మూసుకుని ఏదో గొణుగుతోంది. ప్రార్థనే, కానీ దేనికీ అంటే, "ప్రభువా, ఆ జమైకా పిల్లని గెలిపించు, వాళ్ళ పాట వేస్తారు, మాకు ఏ గొడవా ఉండదు." నేను మోచేత్తో పొడిచాను. పొడిచాను గానీ, నిజం చెప్పొద్దూ, నేను కూడా పొద్దుట్నించీ లోపల్లోపల రెండో స్థానం చాలులే అనుకుంటూనే ఉన్నాను. రెండోదైతే ఆ పాట దానిది కాదు, తిరిగినా తిరక్కపోయినా ఎవరూ చూడరు, నేను నిలబడాలా కూచోవాలా అని తేల్చుకోనక్కర్లేదు. కన్నబిడ్డ ఓడిపోవాలని కోరుకునే దాకా వచ్చాను, వాళ్ళ మొహం చూసి, వీళ్ళ నోరు చూసి. థూ నా బతుకు. అప్పుడు నేను ఆర్లెన్‌ని ఒళ్ళో పెట్టుకుని బయటికే అన్నాను, అది గెలవాలయ్యా, గెలిచి ఎటు తిరిగితే అటు తిరగనీ అని. వదిన ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది.

తుపాకీ మోగింది. అవతలి మలుపులోంచి వచ్చారు పిల్లలు, మాకు కనపడేది ఈ పక్క తిన్నని దారిలో ఉన్న మూడు నాలుగు అడ్డకర్రలే, కానీ ఆ నాలుగూ మా కాళ్ళ దగ్గర. దాన్ని అంత దగ్గర్నించి పరిగెడుతుండగా నేనెప్పుడూ చూళ్ళేదు. ఊపిరి వినిపించింది. బూటు ముల్లు తడినేలని గిల్లిన చప్పుడు వినిపించింది. అది అడ్డకర్ర దాటినప్పుడు నేనూ లేచాను, దిగినప్పుడు దిగాను, వాళ్ళ నాన్న కూడా నా చంకలో లేచాడు, దిగాడు. అంతే, మలుపు తిరిగి పోయింది, ఆ తర్వాత అటు జనం అరుపే మాకు దక్కింది. ఎవరు, ఎవరు, ఎవరని నేను వెనక్కి వంగి తెరకేసి చూడబోయి సీట్ల మధ్య పడ్డాను. మైకులో ఆ కుర్రాడు దాని పేరు తప్పు పలికాడు. తప్పు పలికినా అది దాని పేరే, ముందు దాని పేరే, జమైకా పిల్ల పేరు తర్వాత. జమైకా కోసం మొక్కుకున్న మా వదిన, షుగరు మనిషి, సీటెక్కి నిలబడి, "నా మేనకోడలు, నా తమ్ముడి కూతురు, నా రక్తం!" అని గొంతు పోయేలా అరిచింది. వేరుశెనక్కాయలన్నీ ముందు వరస వాళ్ళ నెత్తిన పడ్డాయి.

దిమ్మె సిద్ధం చేస్తున్నారు. ముగ్గురు పిల్లలు నడిచొస్తున్నారు, మా వైపు వీపులు పెట్టి. ఇప్పుడు, ఇన్నాళ్ళూ లేనిది, ఆ ఎర్రమట్టి ఆదివారం వెనకే వచ్చిన శుక్రవారం గుర్తొచ్చింది నాకు. హైస్కూలు ఫుట్‌బాల్ ఆట, ముగ్గురం వెళ్ళాం, ఆర్లెన్ మామూలు చొక్కాలో ఉన్నాడు, ఆట ముందు పాట మొదలైంది, అందరూ గుండెల మీద చెయ్యి పెట్టుకున్నారు, నేనూ పెట్టుకున్నాను. ఇతను పెట్టుకోలేదు. ఇతని చెయ్యి లీషా తల మీద ఉంది, రెండు జడల మధ్య పాపిట మీద, అరచెయ్యి మొత్తం. పిల్ల కదలకుండా పట్టుకున్నాడనుకున్నాను. జనం చూస్తున్నారని గుసగుసగా, గుండె మీద పెట్టుకోవయ్యా అన్నాను. నా వైపు తిరిగి చూసి, కోపం కాదు, అలక కాదు, మామూలుగా, "గుండె మీదే పెట్టాను వెర్నెల్" అన్నాడు. ఆ తర్వాత అయిదు వారాలకి వెళ్ళాడు. ఇంత మాట అన్న మనిషితో ముప్పూటలా కూరలో ఉప్పు గురించి మాట్లాడి పంపించాను. అతని వీపు కనపడినంతసేపూ చెయ్యి ఊపాను. ఇరవయ్యారేళ్ళు బస్సులో పిల్లలకి వీపు చూపిస్తూనే తోలాను, పైన అద్దంలో ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ. మా ఆంటీ మమ్మల్ని చూడట్లేదని ఏ పిల్లా ఎప్పుడూ అనుకోలేదు. టీవీ ముందు కూచున్న రోజున నాకు ఆ మాత్రం తట్టలేదు.

లీషా పై మెట్టెక్కింది. పతకం వేశారు. జడలు తడిగా ఉన్నాయి, మెడ మీద పుట్టుమచ్చ. జెండా కదిలింది, పాట మొదలైంది, స్టేడియం అంతా లేచింది, నేనూ లేచాను. లీషా తిరిగింది.

జెండాకి వీపుపెట్టి తిరిగితే ఇటే. మా వరస వైపే. ఎండకి కళ్ళు చికిలించి వెతుకుతోంది, ఒక్కొక్క మెట్టూ లెక్కపెట్టుకుంటూ పైకి, ఆ చీటీ మీద రాసిన వరస దాకా, మార్చుకోకు అని రాసిన సీట్ల దాకా. నా పిచ్చితల్లీ. ముగింపు గీత కనపడని సీట్లిచ్చావని పొద్దుట్నించీ తిట్టిపోశానే నిన్ను. అవతల కెమెరాలన్నిటికీ వీపే దొరికింది, ఆ వీపు మీద రేపు ఊరంతా పంచాయితీ పెడతారు, పెట్టుకోనీ. మొహం నా ఒక్కదానికి. ఏడుస్తోంది. నేను ఆర్లెన్‌ని చంకలోంచి తీసి రెండు చేతులా పైకెత్తాను, నీలం, చుక్కలు, పక్కనించి వేలెడు ఎరుపు. అది చూసింది. కన్నీళ్ళు కారుతుండగానే, ఇంత లోకం వెనకాల నిలబడి పాడుతుండగానే, నాలిక కొంచెం బయటపెట్టింది.

నేను ఆర్లెన్‌ని చంకలో పెట్టుకుని కుడిచెయ్యి ముందుకి చాచాను, అరచెయ్యి కిందికి. అంత దూరం నించి దాని తల నా అరచేతి కింద సరిగ్గా పట్టింది. లీషాకి అర్థమయింది, ఆ బరువు తెలిసినట్టు తల కాస్త వంచింది. పాట అయిందాకా తియ్యలేదు, భుజం లాగేస్తున్నా తియ్యలేదు.

వదిన తన చెయ్యి గుండె మీంచి తియ్యకుండానే నా వైపు వంగి, "ఏమే, జనం చూస్తున్నారు, చెయ్యెక్కడ పెట్టావే?" అంది.

"గుండె మీదే వదినా" అన్నాను.